నకలు తీయడం నేర్పని కంప్యూటరు చదువు

సంపాదకులు గారికి,

నమస్కారములు. కంప్యూటరు చదువుల మీద పత్రికల్లో జరిగే చర్చల్లో కోడింగ్, కృత్రిమ మేధ, ప్యాకేజీలు అన్న మాటలే తరచుగా కనిపిస్తాయి గానీ, ఒక డైరెక్టరీలో (అంటే ఫోల్డరులో) ఉన్న ఫైళ్లను పేరు మార్చి మరో డైరెక్టరీలోకి నకలు చేసుకోవడం అనే చిన్న పని ఊసు ఎవరూ ఎత్తరు. ఆ పని సరిగా తెలియక మా ఊళ్లో ఏం పోగొట్టుకున్నామో చెప్పి, డిగ్రీ విద్యార్థుల ప్రయోగ పాఠాల్లో ఒక మార్పు కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ప్రోగ్రామర్ని కాను. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కింద రాసిన సాంకేతిక విషయాలన్నీ దెబ్బ తిన్న తరువాత కూర్చుని నేర్చుకున్నవే.

గత వేసవిలో మా ఊరి గ్రంథాలయంలోని పాత మాసపత్రికలను ఫొటోలు తీసి భద్రపరచాలని నలుగురం అనుకున్నాం. ‘భారతి’, ‘గృహలక్ష్మి’ వంటి పత్రికల బైండు సంపుటాల్లో కొన్ని గ్రంథాలయానివి, మరికొన్ని ఊళ్లోని పెద్దలు నమ్మకంతో తెచ్చి ఇచ్చినవి. ముట్టుకుంటే అంచులు పొడిగా రాలే కాగితాన్ని స్కానరు మీద బోర్లించి నొక్కడానికి మనసొప్పక, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే కుర్రవాళ్ల దగ్గర మూడు కెమెరాలు అడిగి తెచ్చి, బల్ల మీద సంపుటాన్ని విప్పి పెట్టి పైనుంచి ఒక్కో పుటా తీశాం. మొదటి కార్డులో 612, రెండో కార్డులో 540, మూడో కార్డులో 488, వెరసి 1,640 ఫొటోలు వచ్చాయి. ఈ లెక్క రోజువారీగా నా డైరీలో ఎక్కించుకున్నాను కాబట్టే తరువాతి సంగతి ఆ రాత్రికైనా బయటపడింది.

డిగ్రీ రెండో సంవత్సరం కంప్యూటర్స్ చదువుతున్న మా పక్కింటి అమ్మాయి, ఇన్ని ఫొటోలను చేత్తో లాగి వదలడం ఎందుకు మాస్టారూ, స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాస్తే నిమిషాల్లో అయిపోతుంది అని, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆరేడు వరుసలు రాసింది. అందులో ఓఎస్ డాట్ వాక్ అనేది కార్డులోని డైరెక్టరీలన్నిటినీ చుట్టి వస్తుంది. షుటిల్ డాట్ కాపీ అనేది దారిలో దొరికిన ప్రతి ఫొటోనూ లాప్‌టాప్‌లో ‘పుటలు’ అనే ఫోల్డరులోకి నకలు చేస్తుంది. మూడు కార్డులను వరుసగా పెట్టి అదే స్క్రిప్టును మూడుసార్లు నడిపించింది. తప్పు జరిగిందని చెప్పే ఎర్రక్షరం తెర మీద ఒక్కటైనా రాలేదు. మర్నాడే ముహూర్తాలు ఉన్నాయని కెమెరాల వాళ్లు తొందరపెట్టడంతో కార్డులు ఇచ్చేశాం. వాళ్లు అక్కడే నిలబడి వాటిని ఫార్మాట్ చేసుకుని వెళ్లారు. రాత్రి భోజనమయ్యాక పని పూర్తయిందన్న సంతోషంతో ఫోల్డరు తెరిస్తే, అడుగున ఉన్న అంకె 612.

మొదటి కార్డులో ఉన్న సంఖ్యే అది కావడం చూసి, మిగిలిన రెండు కార్డులూ నకలు కాలేదేమో అనుకున్నాను. ఫొటోలు తెరిచి చూస్తే వ్యవహారం వేరే విధంగా ఉంది. 488వ ఫొటో వరకు మూడో కార్డులోని సంపుటం సాఫీగా నడిచింది. 489వ ఫొటోలో రెండో కార్డులోని ధారావాహిక నవల ఒక వాక్యం నడుమ నుంచి అందుకుంది. 541 నుంచి చివరి వరకు మొదటి కార్డుకు చెందిన ప్రకటనల పుటలు, తలనొప్పి మందుల బొమ్మలతో సహా, భద్రంగా ఉన్నాయి. మొదటి కార్డులో 540 పుటలు, రెండో కార్డులో 488 పుటలు, మొత్తం 1,028 పుటలు ఎక్కడా లేవు.

కారణం మాత్రం చాలా చిన్నది. మూడు కెమెరాలూ ఒకే కంపెనీవి. మూడూ తమ మొదటి ఫొటోకు ‘డీఎస్‌సీ’ అనే మూడక్షరాలూ, ఒక కింది గీతా, 0001 అనే అంకే చేర్చి ఒకే పేరు పెట్టాయి. (డీఎస్సీ అంటే మన జిల్లాల్లో ఉపాధ్యాయ నియామకాలు తప్ప మరొకటి తోచదు, నాకూ అదే తోచింది.) ఇది ఆ కంపెనీ తప్పేమీ కాదు. 1998లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమ అభివృద్ధి సంఘం ఏర్పరచిన డీసీఎఫ్ అనే నియమం ప్రకారం కార్డులో డీసీఐఎం అనే డైరెక్టరీ, దాని లోపల 100 నుంచి 999 వరకు ఏదో ఒక అంకెతో మొదలయ్యే డైరెక్టరీలు, వాటి లోపల నాలుగు అక్షరాలూ (కింది గీత కూడా అక్షరం లెక్కే) నాలుగు అంకెలూ కలిసిన పేర్లతో ఫొటోలు ఉండాలి. పేరుకు ఎనిమిది గళ్లు, చుక్క తరువాత మూడు గళ్లు అన్న కొలత విండోస్‌కు ముందటి డాస్ కాలం నుంచి వచ్చింది. నాలుగంకెలకు 9999 దాటి చోటు లేదు కాబట్టి, ఒక్క కెమెరానే చాలాకాలం వాడినా అంకె తిరిగి 0001కి వచ్చి తీరుతుంది. అంటే వేర్వేరు డైరెక్టరీల్లో ఒకే పేరు గల ఫొటోలు ఉండడం ఎప్పుడో జరిగే వింత కాదు, ఆ ఏర్పాటులోనే ఉన్న సంగతి. డైరెక్టరీలు వేరుగా ఉన్నంతకాలం ఆ పేర్ల మధ్య గొడవ లేదు. అన్నిటినీ ఒక్కచోటికి చేర్చిన క్షణంలో మొదలవుతుంది.

ఇక్కడే నాకు అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టిన విషయం ఒకటుంది. మౌసుతో లాగి వదిలితే, ఈ పేరుతో ఒక ఫైలు ఇప్పటికే ఉంది, ఏం చేయమంటారు అని విండోస్ అడుగుతుంది. స్క్రిప్టు అడగదు. షుటిల్ డాట్ కాపీ గమ్యంలో అదే పేరు గల ఫైలు ఉంటే మారు మాట్లాడకుండా దాని మీదే రాసేస్తుంది. ఆ పాతది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు, ఎందుకంటే అది తొలగించిన ఫైలు కాదు, మీద మరొకటి రాయబడ్డ ఫైలు. విండోస్ నల్లతెర మీద కాపీ అనే ఆజ్ఞను టైపు చేస్తే ‘మీద రాయమంటారా’ అని ప్రశ్న వస్తుంది. అదే ఆజ్ఞను అక్షరం మార్చకుండా బ్యాచ్ ఫైలులో (ఆజ్ఞలను వరుసగా రాసి ఒకేసారి నడిపించే ఫైలులో) పెట్టి నడిపిస్తే ఆ ప్రశ్న రాదు. విండోస్ లాంటి మరో వ్యవస్థ అయిన లినక్స్‌లో నకలు చేసే సీపీ, తరలించే ఎంవీ ఆజ్ఞలు ‘ఐ’ అనే సూచన చేరిస్తే అడుగుతాయి, ‘ఎన్’ అనే సూచన చేరిస్తే ఉన్న ఫైలు జోలికి పోవు, ఏదీ చేర్చకపోతే చెప్పిన పని చేసి ఊరుకుంటాయి. ప్రతి ఫైలుకూ ఆగి అడిగితే ఇక స్క్రిప్టు ఎందుకు అన్న వాదన సబబే. అయితే అడగదన్న సంగతి వాడేవారికి ముందుగా ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. దీనికి తోడు మరో చిక్కు: ‘పుటలు’ అనే ఫోల్డరును ముందే సృష్టించి పెట్టకపోతే, ఆ స్క్రిప్టు ఆ పేరుతో ఫోల్డరును కాక ఒకే ఒక ఫైలును సృష్టించి, ఫొటోలన్నిటినీ వరుసగా దాని మీదే రాస్తుంది. చివరి ఫొటో ఒక్కటి మిగులుతుంది. ఆ అమ్మాయి ఫోల్డరును ముందే చేసి పెట్టడం వల్ల కనీసం ఆ 612 దక్కాయి.

పోయినవాటిలో కొన్ని తిరిగి వచ్చిన తీరు కూడా చెప్పాలి. ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా కార్డులోని సూచిక మాత్రమే చెరిగిపోతుంది. కొత్త ఫొటోలు వచ్చి పడేదాకా పాతవి అక్కడే ఉంటాయి. రెండో కెమెరా కుర్రవాడు ఆ రోజు వేరే కార్డు వాడినందువల్ల, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో మా రెండో కార్డులోవన్నీ రాబట్టగలిగాం. ఆ ప్రోగ్రాం ఫొటోలను ఇస్తుంది గానీ వాటి పాత పేర్లను ఇవ్వదు. ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే పొడవాటి అంకెల పేర్లు ఇస్తుంది. అయినా ప్రతి ఫొటో లోపల తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను రాసి ఉంటాయి కాబట్టి, ఆ సమయాన్ని చదివి వరుస కట్టి పేర్లు పెట్టే రెండో స్క్రిప్టును ఆ అమ్మాయే రాసింది. మొదటి కార్డు మీద అప్పటికే ఒక పెళ్లి మొత్తం, స్నాతకం నుంచి అప్పగింతల దాకా, పడిపోయింది. ఆ 540 పుటలూ మళ్లీ తీయాల్సి వచ్చింది. అందులో ఒక సంపుటాన్ని ఇచ్చిన పెద్దాయన అప్పటికే దాన్ని తీసుకుని హైదరాబాదులో కొడుకు ఇంటికి వెళ్లిపోయారు.

ఆ అమ్మాయి రెండు రోజులు మా ఇంటి వైపు రాలేదు. మూడో రోజు నేనే పిలిచి, ఆమె పైథాన్ పాఠ్యపుస్తకాన్నీ రికార్డునూ అడిగి తెప్పించుకుని తిరగేశాను. నక్షత్రాలతో త్రికోణం, ప్రధాన సంఖ్యలు, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యలు, ఫిబొనాచీ వరుస, ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే అయ్యే పదాలు ముత్యాల్లాంటి రాతలో ఉన్నాయి. ఫైళ్ల అధ్యాయంలో ఒక ఫైలును తెరవడం, చదవడం, రాయడం, మూసేయడం ఉన్నాయి. ఫైలును ఒకచోటి నుంచి ఒకచోటికి నకలు చేయడం, పేరు మార్చడం అన్నవాటికి చెరొక వరుస ఉదాహరణ ఉంది. గమ్యంలో అదే పేరు ముందే ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న లేదు. త్రికోణాలు లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి) నేర్పడానికి పనికొస్తాయి, కాదనను. కానీ త్రికోణం తప్పుగా వస్తే చెరిపి మళ్లీ గీస్తారు. నకలు తప్పుగా వస్తే అసలు పోతుంది.

పేరు మార్పు విషయంలో మాకు ఎదురైనది ఇంకా విచిత్రం. ఒక సంపుటంలో 37వ పుట తీయడం మరిచిపోయామని తరువాత తెలిసింది. దానికి చోటు చేయడానికి 37 నుంచి 96 వరకు ఉన్న 60 ఫైళ్ల పేర్లను ఒక్కో అంకె పైకి జరపాలి. ఆ అమ్మాయి 37ను 38గా, 38ని 39గా అంటూ మొదటి నుంచి లూప్ రాసింది. ఇంట్లో విండోస్ లాప్‌టాప్ మీద మొదటి అడుగులోనే, ఆ పేరుతో ఫైలు ఉందన్న ఫిర్యాదుతో ఆగిపోయింది. అదే స్క్రిప్టును కళాశాల ప్రయోగశాలలో లినక్స్ యంత్రం మీద నడిపిస్తే చప్పుడు లేకుండా పూర్తయింది. తీరా చూస్తే 97 అనే ఒక్క ఫైలు మిగిలింది, అందులో ఉన్నది పాత 37వ పుట. మిగిలిన 59 దాని కింద నలిగిపోయాయి. పేరు మార్చే ఓఎస్ డాట్ రీనేమ్ అనే ఒకే పిలుపు విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా నడుచుకుంటుందని పైథాన్ పత్రాల్లో స్పష్టంగానే రాసి ఉంది, చదివేవారు ఉండాలి. పెళ్లి బంతిలో మధ్యన ఒకరికి చోటివ్వాలంటే చివర కూర్చున్నాయన ముందు జరగాలని నేను చెప్పగానే ఆమె నవ్వి, లూపును 96 నుంచి వెనక్కి తిప్పింది. ఈసారి పని చేసింది నకళ్ల మీద కాబట్టి నష్టమేమీ లేదు.

ఇవన్నీ ఏ భాషవారికైనా వచ్చే చిక్కులు. తెలుగులో పేర్లు పెడదామని నేను పట్టుబట్టడం వల్ల వచ్చినవి మరికొన్ని ఉన్నాయి. ‘గృహలక్ష్మి’ మన కంటికి నాలుగు అక్షరాలు; కంప్యూటరులో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఒత్తులు, గుణింతాల గుర్తులు విడివిడిగా లెక్కకు వచ్చి అది 10 సంకేతాలు అవుతుంది, లినక్స్ ఫైలు వ్యవస్థలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 30 బైట్లు పడుతుంది. అక్కడ ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. వ్యాసం పేరు, రచయిత పేరు, బిరుదులు అన్నీ ఫైలు పేరులో ఇమడ్చాలన్న నా ఉబలాటానికి అది సరిపోలేదు. అంతకంటే ఆశ్చర్యపరచినది, ఒకేచోట ‘ఏప్రిల్’ అనే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండడం. విండోస్ ఒకే పేరుతో రెండు ఫోల్డర్లను ఒకచోట ఉండనివ్వదు కదా, ఇదేం మాయ అని స్క్రిప్టుతో పొడవు కొలిపిస్తే ఒకటి 7 సంకేతాలు, ఇంకొకటి 8. మాలో ఒకరి కీబోర్డు పొల్లు తరువాత, కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి చేరుస్తోంది. ‘ఏప్రిల్’ ఫోల్డరులోవి నకలు చేయమంటే స్క్రిప్టు ఒకదాన్ని తెచ్చి రెండోదాన్ని వదిలేసింది. తెలుగు పేర్లతో పనిచేసేవారు పోల్చి చూసే ముందు ఆ గుర్తును తీసివేసే ఒక వరుసను స్క్రిప్టులో తప్పక చేర్చుకోవాలి.

ఇక వరుస సంగతి. సంచికలకు తెలుగు నెలల పేర్లు పెడితే కంప్యూటరు అక్షరక్రమంలో ఆశ్వయుజాన్ని మొదట కూర్చోబెట్టి, చైత్రాన్ని నాలుగో స్థానంలో, శ్రావణాన్ని అన్నిటికన్నా చివర పెట్టింది. అంకెలు పెట్టినా 1 తరువాత 10, 100, ఆ తరువాత 2 వస్తాయి. విండోస్ తెర మీద మాత్రం 1, 2, 3 అని సక్రమంగా చూపించడం వల్ల, పీడీఎఫ్ తయారయ్యేదాకా ఆ తేడా తెలియలేదు. పైగా డైరెక్టరీలోని పేర్లను పైథాన్ ఏ వరుసలో అందిస్తుందన్నదానికి హామీ లేదు, మనమే వరుస కట్టుకోవాలి. చివరికి తెలుగు పేర్లను ఫోల్డర్లకే ఉంచి, ఫైలు పేరులో సంవత్సరం, నెల, పుట అన్నిటినీ ముందు సున్నాలు చేర్చిన అంకెల్లో, 1931-04-017 అన్న పద్ధతిలో పెట్టాం. తెలుగు మాస్టారిగా నాకది కొంచెం కష్టంగానే ఉంది.

నా విన్నపం పాఠ్యప్రణాళికలు తయారు చేసేవారికి, ప్రయోగశాలలు నడిపే అధ్యాపకులకు. పైథాన్ నేర్చుకునే విద్యార్థి రికార్డులో ఒక ప్రయోగం ఇది ఉండాలి: మూడు డైరెక్టరీల్లో, వాటిలో కొన్ని ఒకే పేరు గల ఫైళ్లతో, ఒక చిన్న నమూనా ఇచ్చి, అన్నిటినీ ఒకచోటికి ఏ ఒక్కటీ పోకుండా కొత్త పేర్లతో చేర్చమనాలి. మొదట ఏదీ కదల్చకుండా, ఏ ఫైలు ఏ పేరుతో ఎక్కడికి వెళ్లబోతోందో తెర మీద అచ్చు వేయించి చూడమనాలి. గమ్యంలో ఆ పేరు ఉంటే ఆగిపొమ్మనాలి. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసిన చిట్టా ఒకటి ఫైలుగా ఉంచమనాలి. పాత షావుకార్లు చిట్టా లేకుండా ఆవర్జాలోకి అణా కూడా ఎక్కించేవారు కారు. అన్నీ అయ్యాక అటు ఎన్ని, ఇటు ఎన్ని అని లెక్క సరిచూసి, సంఖ్యతో తృప్తిపడక ఫైళ్లలోని సారం కూడా ఒకటేనా అని హ్యాష్ విలువలతో (ఫైలులోని సారాన్ని బట్టి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి సంకేతాలతో) పోల్చమనాలి. అసలు ఫైళ్లను తరలించడం, తొలగించడం అన్నవి ఆ ప్రయోగంలో ఉండనే కూడదు. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక్క ప్రయోగశాల తరగతి చాలు. ఇంటర్నెట్‌లో వెతికితే తయారుగా దొరుకుతుంది కదా అని మా ఊరి యువకుడొకరు అన్నారు. దొరుకుతుంది, మా మొదటి స్క్రిప్టు కూడా అలా దొరికినదాని పోలికే.

ఇది గుమాస్తా పని, ప్రోగ్రామింగ్ కాదు అనే అధ్యాపకులు కూడా ఉండవచ్చు. నిజమే, గుమాస్తా పనే. ఫొటో స్టూడియోలో, వకీలు గారి ఆఫీసులో, పాఠశాలలో పిల్లల హాల్‌టికెట్ల ఫొటోల దగ్గర, డిగ్రీ చదివిన పిల్లలకు మొట్టమొదట తగిలే పని ఇదే. తెలంగాణలో వకీలు దగ్గర పనిచేసే మా బంధువుల అబ్బాయి 145/అ వంటి సర్వే నంబర్లను ఫైలు పేరుగా పెట్టబోతే, ఆ వాలుగీతను డైరెక్టరీ గుర్తుగా అనుకుని అలాంటి చోటు లేదని స్క్రిప్టు తిరగబడిందట. వాలుగీత పేరులో పనికిరాదని అతనికీ ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

మా పక్కింటి అమ్మాయి స్క్రిప్టు ఇప్పుడు 46 వరుసలకు పెరిగింది. అందులో నకలు చేసే వరుస ఒక్కటే, మిగిలినవన్నీ చూసుకోవడానికీ, ఆగడానికీ, చిట్టా రాయడానికీ. నకలు చేసే వరుసలో కూడా షుటిల్ డాట్ కాపీ బదులు ఫైలు పాత తేదీని నిలిపి ఉంచే కాపీ2 పెట్టింది. హైదరాబాదు వెళ్లిన పెద్దాయనతో ఫోనులో మాట్లాడాను. సంక్రాంతికి ఊరు వస్తున్నప్పుడు సంపుటం తెస్తామన్నారు. పెట్టెలో అడుగున పెట్టవద్దని మాత్రం బతిమాలుకున్నాను. ఆ పుటలు తీయడానికి ఒక మెమరీ కార్డు సొంతంగా కొన్నాను. లెక్క సరిపోయే వరకు అది నా బీరువాలోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు,
గుంటూరు జిల్లా.